మాల తీశాక తోడెవరు?

సంపాదకులకు,

కార్తీకం వచ్చిందంటే మా కడపలో ఏళ్ల తరబడి తాగినవాళ్లు కూడా అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టరు. జైలు నుంచి వచ్చినవాళ్లు కొందరు ప్రార్థన కూటాల్లో, కొందరు దర్గా నీడలో నిలదొక్కుకుంటున్నారు. ఆ భక్తికి కాస్త జాగ్రత్త కూడా తోడు కావాలని గురుస్వాములకు, పాస్టర్లకు, దర్గా పెద్దలకు మా మనవి.

రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా మానితే 6 నుంచి 24 గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక లేనివి కనిపించి, ఇంట్లోవాళ్లను కూడా గుర్తుపట్టక కలవరిస్తే, గాలి సోకిందనో స్వామి పూనాడనో విభూతి పెట్టి కూర్చోబెడతారు. అది ప్రాణం తీసే స్థితి. మాల వేసే ముందే ‘రోజుకెంత తాగుతావు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా’ అని అడిగి, అనుమానముంటే కడప రిమ్స్ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి పంపండి. మందులు వేసుకుంటే దీక్ష చెడదని గురుస్వామి నోటితో చెబితేనే వింటారు. శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీసిన వారంలోనే చాలామంది మళ్లీ మొదలుపెడతారు కాబట్టి ఆ వారం సాయంత్రాలు భజన ఆపకండి.

జైలు నుంచి వచ్చినవాడి సంగతి వేరు. లోపల మందు దొరక్క ఒంటికి అలవాటు తప్పి ఉంటుంది. బయటికొచ్చిన రాత్రే పాత లెక్కన రెండు క్వార్టర్లు, అంటే 360 మిల్లీలీటర్లు తాగితే తట్టుకోలేడు. అందుకే గేటు దగ్గరికి పాత జతగాళ్ల కంటే ముందు సంఘం మనిషి వెళ్లాలి. తొలి నెలల్లో, వారం కూలి చేతికొచ్చే పూట ఒంటరిగా వదలకూడదు. రెండేళ్లు లావాదేవీలు లేని బ్యాంకు ఖాతా నిలిచిపోతుంది. కేవైసీ కాగితాలిచ్చి తెరిపిస్తే కూలి నేరుగా అందులో వేయించుకోవచ్చు.

వచ్చిన నెలకే వేదికెక్కించి ‘తాగుడు మానేశాను’ అని సాక్ష్యం చెప్పించొద్దు. తర్వాత ఒక్కరోజు తడబడినా, అంతమంది ముందు చెప్పిన మాట తప్పానన్న సిగ్గుతో మళ్లీ మందిరం గడప తొక్కడు. క్షమాపణ విషయంలో మరీ జాగ్రత్త. 1935లో అమెరికాలో మొదలైన, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ చెప్పే పన్నెండు మెట్లలో తొమ్మిదోది, నష్టపోయినవాళ్లకు ఆ నష్టం సరిదిద్దమంటూనే, దానివల్ల ఎవరికైనా హాని జరిగేట్టుంటే వద్దంటుంది. పాత కక్షలున్న మన ఊళ్లలో ఆ మినహాయింపే ముఖ్యం. బెయిల్ మీద ఉన్నవాడు తన కేసులో సాక్షి ఇంటికి వెళ్తే, క్షమాపణకే వచ్చానన్నా బెదిరింపు ఫిర్యాదు కావచ్చు, బెయిలే రద్దు కావచ్చు. వకీలును అడగకుండా పంపకండి.

కూరలో ‘మందు మాన్పించే మాత్ర’ రహస్యంగా కలపడం వెంటనే ఆగాలి. ఆ మాత్రలోని డైసల్ఫిరామ్ ఒంట్లో ఉందని తెలియక తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. మాత్ర ఆపాక కూడా 14 రోజుల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. డాక్టరు చెప్పి, మనిషి ఒప్పుకుంటేనే ఇవ్వాలి. సలహాకు జాతీయ ఉచిత ఫోన్ నంబరు 14446 ఉంది. దాన్ని మందిరం గోడ మీద, భజన మండపంలో, దర్గా వాకిట్లో రాసి పెట్టండి.

— మద్య విముక్తి సేవలో ఉన్న కొందరు, కడప