డీఏపీ తగ్గించే ముందు నత్రజని లెక్క చూడాలి

సంపాదకులకు,

వానాకాలం వచ్చిందంటే ఎరువుల దుకాణాల ముందు చెప్పుల వరుసలు మామూలైపోయాయి. భాస్వరం కోసం వేసే డీఏపీ ఎరువు కొరత గురించి రోజూ చదువుతున్నాం. ఏళ్ల తరబడి రెండు పంటలకూ బస్తా చొప్పున పడిన వరి మడికి మళ్లీ అంతే కావాలా అని మాత్రం ఎవరూ అడగడం లేదు. భాస్వరం యూరియాలా ఆవిరైపోదు, నీటితో దిగిపోదు. పైరు తీసుకోగా మిగిలింది మట్టిని పట్టుకుని ఉండిపోతుంది. అది మరీ పేరుకుంటే పైరుకు జింకు సరిగా అందదు, నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకుల మీద తుప్పు మచ్చలు తేలతాయి. తెగులనుకుని మందు కొట్టేవాళ్లూ ఉన్నారు!

నేల పరీక్షలో భాస్వరం ఎక్కువని తేలితే సిఫారసులో 30 శాతం కోయవచ్చు. ఎకరాకు 24 కిలోల భాస్వరానికి 52 కిలోల డీఏపీ పడుతుంది, కోస్తే 37 కిలోలు చాలు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. బస్తా డీఏపీలో 23 కిలోల భాస్వరంతో పాటు 9 కిలోల నత్రజని ఉంటుంది. డీఏపీ దొరక్క, భాస్వరం ఉన్నా నత్రజని లేని సూపర్ ఫాస్ఫేట్ వేసిన మడికి ఆ నత్రజని అందదు. కొద్ది రోజుల్లోనే పైరు పాలిపోతుంది, డీఏపీ వేసిన పక్క మడి మాత్రం నల్లగా, ముదురు పచ్చగా కనిపిస్తుంది. 'డీఏపీ లేకుంటే వరి లేవదు' అని మళ్లీ బస్తా కోసమే పరుగు. తగ్గింది నత్రజని, నింద పడేది సూపర్ మీద. నాట్లకు ముందు దమ్ములో (నీరు పెట్టి దున్నేటప్పుడు) వేసే యూరియాకు మరో 20 కిలోలు కలిపితే ఆ లోటు తీరుతుంది.

పిలకల దశలో 20-20, 28-28 లాంటి నత్రజని, భాస్వరం కలిసిన ఎరువులు పైపాటుగా చల్లడమూ దండగే. భాస్వరం నేలలో కదలదు, మొత్తం ఆఖరి దమ్ములోనే పడాలి.

నమ్మకం కుదరకపోతే 5 గుంటలకు (ఎకరాలో ఎనిమిదో వంతు) గెట్టు వేసి, అక్కడ పాత మోతాదే (6 కిలోల పైచిలుకు డీఏపీ) వేసి చూడండి. రకం, నాటు తేదీ ఒకటే ఉండాలి, ఒక మడి నీరు రెండోదానిలోకి పారకూడదు. వడ్లు విడిగా తూచాలి, పచ్చదనం చూసి తేల్చొద్దు.

నేల పరీక్ష ఫలితాలతో ప్రభుత్వం ఇచ్చిన భూసార కార్డుల కోసం సాగునీటి ప్రాంతాల్లో 2.5 హెక్టార్లకు ఒక నమూనా లెక్కన తీశారు, అంటే ఆరెకరాలకు పైనే. ఆ మట్టి మీ మడిదే కావాలని లేదు. గెట్లు, చెట్ల నీడ, పెంట కుప్పల జాగా వదిలి, ఎకరాకు 8-10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతున తీసి, కలిపి, అరకిలో ఇవ్వాలి.

వ్యవసాయ శాఖ ఈ నమూనాలను యాసంగి కోతలు కాగానే తీసుకుని, దమ్ములకు ముందే ఫలితాలివ్వాలి. జులై ఆఖర్లో చేతికొచ్చే కాగితం ఆ వానాకాలానికి అక్కరకు రాదు.

– విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి, నల్లగొండ జిల్లా