చార్మినార్‌కు ఏ బస్సు ఎక్కాలో స్టాపులో రాసిపెట్టలేరా?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌కు విదేశీ పర్యాటకుల రాక పెంచాలని అధికారులు సంకల్పించినట్లు మొన్న మీ పత్రికలో వచ్చిన వార్త చదివి, కొన్నాళ్లు ఊరుకున్నా మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను. వచ్చినవాళ్లు శంషాబాద్ విమానాశ్రయంలో దిగాక ఊళ్లో ఎలా తిరుగుతారన్న ప్రస్తావన ఆ వార్తలో ఒక్క వాక్యమైనా లేకపోవడం నన్ను బాధించింది.

5కె, 49ఎం నంబరు బస్సులు రెండూ సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నానికే వస్తాయి, కానీ దారులు వేరు. ఇక్కడ పుట్టి పెరిగిన మాకు ఆ సంగతి తెలుసు. నిన్న జర్మనీ నుంచో జపాన్ నుంచో దిగిన మనిషికి ఎవరు చెప్పాలి? స్టాపులోని షెల్టరుకు నగల దుకాణాల ప్రకటనలు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు ఉంటాయి గాని, ఏ నంబరు బస్సు ఏ దారిన ఎక్కడికి పోతుందో తెలిపే పట్టిక ఉండదు. పైగా బస్సు ఆ షెల్టరు దగ్గర ఆగదు. ముందు నిలిచిన ఆటోలను దాటుకుని నడిరోడ్డు మీద ఆగుతుంది, జనం దాని వెంట పరుగెత్తాలి.

ఆ మధ్య మెహిదీపట్నంలో గోల్కొండకు వెళ్లాల్సిన ఒక విదేశీ జంట ఈ తొక్కిసలాటలో చిక్కుకోవడం కళ్లారా చూశాను. తోటి ఆడవాళ్ల వెంట ఆమె ముందు తలుపు గుండా ఎక్కేసింది. భర్తను మాత్రం వెనక నుంచి ఎక్కమని అందరూ కేకలు వేశారు. అతను వెనక తలుపు చేరేలోపే బస్సు కదిలింది. లోపల ఆమె అరుపులకు కండక్టరు విజిల్ వేసి ఆపాడు కాబట్టి సరిపోయింది. ఆ కండక్టరును తప్పుపట్టను. కిక్కిరిసిన బస్సులో టికెట్లు కొడుతూ, చిల్లర కోసం వాదనలు పడుతూ, అతను ఎంతమందికని దారి చెప్పగలడు?

మెట్రో ఉంది కదా అంటారు. 2017 నవంబరులో మొదలైన మెట్రో, 2020 ఫిబ్రవరిలో సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) దాకా వచ్చి మూసీ దగ్గరే ఆగిపోయింది. ఫలక్‌నుమా దాకా వేయాల్సిన ఆ లైను పూర్తయి ఉంటే, పరదేశీయులు అందరికంటే ముందు చూడాలనుకునే చార్మినార్ దగ్గరికి రైలులోనే వెళ్లేవారు. గోల్కొండకు, కుతుబ్‌షాహీ సమాధులకు అసలు మెట్రో ఊసే లేదు. ఎంజీబీఎస్‌లో దిగినవారిని ఆటోవాళ్లు చుట్టుముట్టి నోటికొచ్చిన రేటు చెబుతారు, మీటరు వేయమంటే నవ్వుతారు. ఫోన్‌లో ఆటో పిలుచుకుందామన్నా చాలా యాప్‌లు ఓటీపీ దగ్గర ఆగిపోతాయి, ఎందుకంటే వారి చేతిలో ఇక్కడి సిమ్ ఉండదు. బస్సుకు ఒక టికెట్, మెట్రోకు ఒక టికెట్, ఎంఎంటీఎస్ లోకల్ రైలుకు ఇంకో టికెట్. అన్నిటికీ చెల్లే ఒకే కార్డు ఇస్తామన్న మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం.

2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వందకు పైగా దేశాల నుంచి వచ్చిన యువతులను చార్మినార్, లాడ్ బజార్ చూపించడానికి ఎన్ని శాఖలు కదిలాయో అందరం చూశాం. ఆ శ్రద్ధలో పదో వంతు మామూలు రోజుల్లో ఎందుకు కనిపించదు? షెల్టరు గురించి అడిగితే నగరపాలక సంస్థది అంటారు, బస్సు రవాణా సంస్థది అంటారు, స్టాపు ఎక్కడుండాలో తేల్చేది ట్రాఫిక్ పోలీసులంటారు. ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టే అధికారి ఈ మహానగరంలో లేడా? ఫిర్యాదు ఇస్తే ముద్ర వేసి తీసుకుంటారు, జవాబు రాదు. విదేశీయుల సంగతి అలా ఉంచితే, వరంగల్ నుంచో కర్నూలు నుంచో ఆసుపత్రి పని మీద వచ్చే మనవాళ్లు కూడా ఇదే అవస్థ పడుతున్నారు.

నేను కోట్లు ఖర్చయ్యే పథకాలేవీ అడగడం లేదు. విమానాశ్రయం, సికింద్రాబాద్ స్టేషన్, ఎంజీబీఎస్, మెహిదీపట్నం, కోఠి స్టాపుల్లో ముందుగా తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూ, హిందీ భాషల్లో పెద్ద అక్షరాలతో రూటు పట్టికలు పెట్టించాలి. బస్సు షెల్టరు ముందే ఆగేలా అక్కడి ఆటోలను తొలగించాలి. ఎంజీబీఎస్ మెట్రో మెట్ల దగ్గర నుంచి చార్మినార్‌కు పొద్దున్నుంచి రాత్రి దాకా చిన్న బస్సులు నడపాలి. పర్యాటకుల సంఖ్య గురించి మళ్లీ ప్రకటన చేసే ముందు, సంబంధిత అధికారులు కారు దిగి, ఫోన్ పక్కన పెట్టి, సిటీ బస్సుల్లో శంషాబాద్ నుంచి గోల్కొండకు ఒకసారి వెళ్లి రావాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, మెహిదీపట్నం, హైదరాబాద్