సంఘానికి సొంత సర్వర్

అయ్యా,

2014లో ఆర్కుట్, 2019లో గూగుల్ ప్లస్, 2020 డిసెంబరులో యాహూ గ్రూప్స్ మూతపడ్డాయి. ఎందరి ముచ్చట్లో వాటితోనే పోయాయి. అందుకే మా చేనేతవాళ్లం ఆన్‌లైన్‌లో కలిసే చోటు మా చేతిలోనే ఉండాలని పట్టుబట్టాను. అలాంటి చర్చావేదికను నడిపే డిస్కోర్స్ సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ, ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునే, చవకగా దొరికే షేర్డ్ హోస్టింగ్‌లో నడవదు. కనీసం 1 జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్ (సర్వర్‌లో మనకంటూ విడిగా ఇచ్చే భాగం) కావాలి. 2 జీబీ అయితే నిశ్చింత. సర్వర్ ముంబయిలో ఉంటే మనవాళ్లకు త్వరగా తెరుచుకుంటుంది. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకండి, రెన్యువల్ ధర అడగండి. చాలా కంపెనీలు సర్వర్ నుంచి మెయిళ్లు వెళ్లే దారి అయిన 25వ పోర్టు మూసి ఉంచుతాయి, సభ్యులకు మెయిళ్లు నేరుగా వెళ్లవు. మెయిల్ సర్వీసు విడిగా పెట్టుకోవాలి. డొమైన్ (సైటు చిరునామా) మాత్రం సెట్ చేసిన కుర్రాడి పేర కాదు, సంఘం పేరనే ఉండాలి. బ్యాకప్ వేరే కంపెనీ దగ్గర దాచాలి.

– ఒక నేత కార్మికుడు, చీరాల