కొనే ముందు ముద్ర చూడమ్మా

చి. మైథిలికి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. షష్టిపూర్తికి నాకేం ఇవ్వాలా అని ఆలోచించి, జింక కొమ్ము పిడి ఉన్న పాత కేస్ చాకు, అదే అమెరికాలో కేస్ కంపెనీ చేసే మడత చాకు కోసం వెతికావంటే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అమ్మకి కూడా చూపించాను. అయితే ఆ వేలంలో అప్పుడే డబ్బు పెట్టకు తల్లీ. ఆ చాకు మీద నాకు గట్టి అనుమానం ఉంది. ఇది ఫోన్లో చెప్పుకునే సంగతి కాదు, ఫోటోలు పక్కన పెట్టుకుని నింపాదిగా చదవాలి. అందుకే ఇంత ఉత్తరం.

ముందు మూడో ఫోటో పెద్దది చేసి చూడు. పెద్ద బ్లేడు వెడల్పు బాగా తగ్గిపోయింది కదా? ఏళ్ళ తరబడి సాన పట్టి పట్టి అరిగిన బ్లేడది. అందులో తప్పేమీ లేదు, చాకు అన్నాక అరగాలి. కానీ అదే బ్లేడు మొదట్లో, పిడిలోకి వెళ్ళే చోట కొట్టిన కంపెనీ పేరు ముద్ర చూడు. అక్షరాల అంచులు నిన్న కొట్టినట్టు పదునుగా ఉన్నాయి. బ్లేడంతా అరిగి, జేబులో రాపిడికి నునుపెక్కిపోతే, ముద్ర ఒక్కటే కొత్తగా ఎలా ఉంటుంది? ఇప్పుడు పైనుంచి తీసిన ఫోటో చూడు. బ్లేడు మొదలుకీ పక్కనున్న ఇత్తడి రేకుకీ మధ్య సన్నగా వెలుతురు కనిపిస్తోంది. అక్కడ లోహం పలచబడింది. పాత ముద్రని అరగదీసి, దాని మీద ఖరీదైన కాలం నాటి ముద్ర కొడితే సరిగ్గా ఇలాగే ఉంటుంది. పైగా చిన్న బ్లేడు రంగు వేరు. పెద్దది బూడిద రంగుకి తిరిగితే, చిన్నది తళతళలాడుతోంది. అది ఇంకో చాకు నుంచి తెచ్చి పెట్టింది అయ్యుండాలి. అమ్మేవాడికి ఈ సంగతి తెలుసో తెలియదో నేను చెప్పలేను. చాలాసార్లు వాళ్ళు కూడా ఎవరి దగ్గరో నమ్మి కొన్నవాళ్ళే.

నీకు చిన్నప్పటి నుంచీ ఈ చాకులు నా అల్మారాలో కనిపిస్తూనే ఉన్నాయి గానీ, వీటి కథ నేనెప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఇప్పుడు నీ అంతట నువ్వే అడిగావు కాబట్టి చెబుతాను.

1889లో జీన్, జాన్, ఆండ్రూ కేస్ అనే ముగ్గురు అన్నదమ్ములు న్యూయార్క్ రాష్ట్రపు పల్లెల్లో బండి కట్టుకుని తిరిగి చాకులు అమ్మడం మొదలుపెట్టారు. తరవాత లిటిల్ వ్యాలీలో కేస్ బ్రదర్స్ పేరుతో కంపెనీ పెట్టారు. వాళ్ళకి రస్ అని అన్న కొడుకు ఉండేవాడు. బాబాయిల కంపెనీలోనే సేల్స్‌మన్‌గా ఊళ్ళు తిరిగి, 1902లో విడిగా వచ్చి సొంత వ్యాపారం మొదలుపెట్టాడు. దానికి తన పేరు పెట్టుకోలేదు. తండ్రి విలియం రస్సెల్ పేరు పెట్టాడు, డబ్ల్యు. ఆర్. కేస్ అండ్ సన్స్ అని. 1905లో పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌కి వచ్చి స్థిరపడ్డారు. నువ్వు స్కూల్లో ఉన్నప్పుడు మనం వెళ్ళి జిప్పో-కేస్ మ్యూజియం చూసిన ఊరే. ఆ చుట్టాల్లో ఇంకా ఎంతమంది చాకుల కంపెనీలు పెట్టారో! కట్టరాగస్, కిన్‌ఫోక్స్ కూడా ఆ చుట్టరికంలో పుట్టినవే.

రస్ కేస్ 1953లో పోయాడు. ఆ తరవాత కూడా కుటుంబం వాళ్ళే నడిపారు. 1972లో అమెరికన్ బ్రాండ్స్ అనే పెద్ద కంపెనీకి అమ్మేశారు. అక్కడి నుంచి చేతులు మారి, 1993లో అదే ఊళ్ళో ఉన్న జిప్పో లైటర్ల కంపెనీ చేతికి వచ్చింది. ఇప్పటికీ బ్రాడ్‌ఫర్డ్‌లోనే చేస్తున్నారు, మంచి చాకులే చేస్తున్నారు. నేను మాత్రం కుటుంబం చేతిలో ఉన్నంత కాలం నాటివే పోగు చేస్తాను. ఉద్యోగమంతా ఇంకొకరి సరుకు తనిఖీ చేస్తూ గడిపినవాణ్ణి కదా, తన ఇంటిపేరు ఉక్కు మీద కొట్టి అమ్మినవాడి మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. చాకు విరిగితే విరిగిందని ఏ నంబరుకో ఫోన్ చేసే రోజులు కావవి. చాకు మీద ఉన్న పేరు, ఫ్యాక్టరీ యజమాని పేరు ఒకటే. అందుకే నాకు ఆ ముద్ర అంత ముఖ్యం. ఎవరైనా దాన్ని గీకేసి దొంగ ముద్ర కొడితే అంత బాధా వేస్తుంది.

ఇక ముద్ర ఎలా చదవాలో చెబుతాను. కేస్ చాకులో నాకు బాగా నచ్చే సంగతి ఇదే, ఆ చాకు ఎప్పటిదో దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. 1920 నుంచి 1940 దాకా ‘కేస్ టెస్టెడ్ ఎక్స్ ఎక్స్’ అని కొట్టారు. నువ్వు పంపిన దాని మీద ఉన్నది ఆ ముద్రే, దానికే గిరాకీ ఎక్కువ, అందుకే దానికే నకిలీలూ ఎక్కువ. 1940 నుంచి 1964 దాకా ‘కేస్ ఎక్స్ ఎక్స్’ అని మాత్రమే ఉంటుంది. 1965 నుంచి 1969 దాకా దాని కింద యు.ఎస్.ఎ. చేర్చారు. 1970లో చుక్కల పద్ధతి మొదలైంది. ఆ ఏడు ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏడాదికో చుక్క తీసేస్తూ వచ్చారు. 1971కి తొమ్మిది, 1972కి ఎనిమిది, అలా 1979కి ఒక్కటి మిగిలింది. 1980లో మళ్ళీ పది చుక్కలతో మొదలుపెట్టారు. కానీ కేస్ అన్న పేరులోని ఎస్ అక్షరాన్ని మెరుపు తీగలా వంకర తిప్పారు కాబట్టి ఆ పదేళ్ళవీ ఈ పదేళ్ళవీ కలిసిపోవు. అంటే కుటుంబం కాలానికి సరిహద్దు ఎనిమిది చుక్కలు. నా డబ్బాలో అంతకన్నా తక్కువ చుక్కలున్న చాకు నీకు దొరకదు.

ఆ రెండు ఎక్స్‌లు ఏమిటని నువ్వు చిన్నప్పుడు అడిగేదానివి. ఉక్కు బ్లేడుని ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే గట్టిపడుతుంది, కానీ పెళుసుగా ఉంటుంది, కింద పడితే విరుగుతుంది. మళ్ళీ కాస్త తక్కువ వేడి మీద ఉంచితే ఆ పెళుసుతనం పోయి గట్టిదనం నిలుస్తుంది. బ్లేడుల పెట్టె మొదటి విడత పూర్తి చేసుకుంటే దాని మీద ఒక ఎక్స్, రెండో విడత కూడా అయితే ఇంకో ఎక్స్ గీసేవాళ్ళట. రెండు గీతలూ పడితే ఆ సరుకు ముందుకి వెళ్ళొచ్చని అర్థం. ఫ్యాక్టరీలో పనివాళ్ళు తమలో తాము పెట్టుకున్న గుర్తు చివరికి కంపెనీ గుర్తు అయింది. తనిఖీ పని చేసినవాడిగా నాకది వినడానికే ఎంత బాగుంటుందో.

ముద్రకి వెనకవైపు నాలుగంకెల నంబరుంటే అది కూడా చూడు. మొదటి అంకె పిడి దేనితో చేశారో చెబుతుంది. 3 అయితే పసుపు రంగు కాంపోజిషన్ (ఒక రకం ప్లాస్టిక్ అనుకో), 5 అయితే కొమ్ము, 6 అయితే ఎముక. రెండో అంకె ఎన్ని బ్లేడులో చెబుతుంది. మిగతాది నమూనా నంబరు. 5254 అంటే కొమ్ము పిడి, రెండు బ్లేడులు, 54వ నమూనా, అదే ట్రాపర్. 6254 అదే చాకు ఎముక పిడితో. ట్రాపర్‌లో పొడవాటి బ్లేడులు రెండుంటాయి. ఒకటి కొన దేరి ఉంటుంది, రెండోదాని కొన గుండ్రంగా ఉంటుంది. తోలు ఒలిచేటప్పుడు చర్మానికి చిల్లు పడకుండా ఆ గుండ్రటిది వాడేవాళ్ళు. ఉచ్చులు పెట్టి జంతువుల బొచ్చు తోళ్ళు అమ్ముకునే వేటగాళ్ళ చాకు కాబట్టే దానికా పేరు. నంబరు ఒకటి చెప్పి పిడి ఇంకోటి చెబుతుంటే, ఎవరో పిడి మార్చారన్నమాట.

కొమ్ము పిడి అంటే నాకెందుకంత ఇష్టమో చెబితే నీకు ఆశ్చర్యంగా ఉంటుంది. చాకుల పిడికి వాడే మేలు రకం కొమ్ము మన దేశం నుంచి వచ్చేది. మనం కణితి అంటాం, సాంబర్ జింక అన్నా అదే. మా తాతగారి ఊరి పక్కనున్న నల్లమలలో ఇప్పటికీ తిరుగుతుంటాయి. వాటికి కొమ్ములు రాలి మళ్ళీ మొలుస్తాయి. అడవిలో రాలిన కొమ్ములు ఏరి ఎగుమతి చేసేవాళ్ళు. ఇంకే జింక కొమ్ముకీ ఆ చేవ ఉండదు, లోపల గుల్లతనం తక్కువ. రాలిన కొమ్ముల పేరుతో జంతువుల్ని చంపడం జరగకుండా మన ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపేసింది. అది మంచి పనే. అందుకే పాత కొమ్ము చాకుల్ని జాగ్రత్తగా చూసుకోవాలంటాను, ఆ సరుకు ఇక కొత్తగా రాదు. నా దగ్గరున్న ఎక్స్ ఎక్స్ కాలం నాటి 5254ని ఈసారి వచ్చినప్పుడు నీ చేతిలో పెడతాను. పిడికి రెండు వైపులా ఉన్న ముక్కల గరుకూ, గోధుమ రంగు చారలూ ఎంత బాగా జత కుదిరాయో వేలితో తడిమితేనే తెలుస్తుంది. బొటనవేలు ఆనే చోట మాత్రం గరుకుపోయి తేనె రంగులో నునుపుగా ఉంది. ఎవరో ఒకాయన ఏళ్ళ తరబడి దాన్ని అక్కడే పట్టుకుని పని చేసుకున్నాడు. ఆ చోటు వల్ల వేలంలో దాని ధర తగ్గింది, నాకు మాత్రం దాని విలువ పెరిగింది.

ఇంకో మాట. కొన్నాక ఏ చాకునీ మెరిపించాలని చూడకు. నా చాకుల్లో చాలావాటిది మామూలు ఉక్కు లేదా క్రోమ్ వెనేడియం ఉక్కు. కాయలు కోస్తూ ఉంటే నీలం, బూడిద కలిసిన రంగుకి తిరుగుతుంది. అది తుప్పు కాదు, ఉక్కుకి కాపు. ఎర్రగా పొడి రాలితేనే తుప్పు. దానికి ఒక చుక్క మినరల్ ఆయిల్ రాసి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. బఫింగ్ చక్రం మీద పెడితే ముద్ర అంచులు కరిగిపోతాయి, ఆ పైన ఎంత మెరిసినా లాభం లేదు. తోలు ఒరలో పెట్టి నెలల తరబడి వదిలేయకూడదు, తోలు తేమని పట్టి ఉంచుతుంది. సెల్యులాయిడ్ పిడి ఉన్నవాటిని నేను వేరే డబ్బాలో పెట్టడం చూసే ఉంటావు. ఆ ప్లాస్టిక్ పాతబడితే దాని నుంచి ఆమ్లపు ఆవిరి వచ్చి పక్కనున్న మంచి చాకుల్ని కూడా తినేస్తుంది. ఇత్తడి మీద ఆకుపచ్చ మరకలు కనిపిస్తే అదే మొదలైందని గుర్తు.

సరే, నీ కానుక సంగతి. నిజంగా నాకేం కావాలో చెప్పమంటావా? టెస్టెడ్ ముద్రలూ కొమ్ము పిడులూ వద్దు, నీ జీతం వాటి మీద పెట్టకు. ఎనిమిది చుక్కల 3254 ఒకటి వెతుకు. పసుపు పిడి ట్రాపర్, కుటుంబం అమ్మేసిన ఏడాదిది. నా వరసలో ఆ ఒక్కటీ లేదు. పెట్టెలోంచి బయటికి తీయనిదే అక్కర్లేదు. ఎవరో రైతు వాడినదైనా సరే, బ్లేడులు రెండూ అసలువై ఉండాలి, ముద్ర చదవగలిగేలా ఉండాలి, తెరిచినా మూసినా స్ప్రింగు టక్కుమనాలి. పిడి మీద గీతలున్నా పరవాలేదు. నాకు అలాంటిది రోజూ జేబులో పెట్టుకోవాలని ఉంది, నిమ్మకాయలు కోసుకుంటాను.

కొనే ముందు అమ్మేవాళ్ళని నాలుగు రకాల ఫోటోలు అడుగు. రెండు బ్లేడుల మొదళ్ళూ ముందూ వెనకా దగ్గర నుంచి తీసినవి, మూసినప్పుడు పైనుంచి తీసినది, వెనక స్ప్రింగు కనిపించేలా తీసినది, పిడికున్న పిన్నులు తెలిసేలా తీసినది. పిన్నులు కొత్తగా మెరుస్తుంటే ఎవరో విప్పి బిగించారని అర్థం. ఇవి పంపడానికి నసిగేవాళ్ళ దగ్గర కొనకు, ఎంత చవకైనా సరే.

ఇక్కడ అమెరికాలో చాకు కానుకగా ఇస్తే బంధం తెగుతుందని ఒక నమ్మకం ఉంది. అందుకని పుచ్చుకునేవాళ్ళు ఒక పెన్నీ చేతిలో పెట్టి కొన్నట్టు తీసుకుంటారు. పిట్స్‌బర్గ్ గుడికి వచ్చే రోజు నా జేబులో పెన్నీ ఉంటుందిలే. చాకుని మాత్రం పొరపాటున కూడా విమానంలో చేతి సంచిలో పెట్టుకు రాకు, ఎయిర్‌పోర్టులో లాగేసుకుంటారు. ముందే పోస్టులో ఇంటికి పంపించేయి.

ఆదివారం వీడియో కాల్ చేసేటప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చో, దొరికినవన్నీ ఇద్దరం కలిసి చూద్దాం. గోంగూర పచ్చడి పార్సిల్ అందిందో లేదో అమ్మ అడగమంది.

ఆశీస్సులతో,
నాన్న