కలెక్టర్ గారూ, ఆ పాత కంప్యూటర్లను పారేయకండి

గుంటూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

నేను బ్రాడీపేటలో కంప్యూటర్లు రిపేరు చేస్తాను. పోయిన నెల అమ్మ పింఛను పని మీద ఒక ఆఫీసుకు వెళ్తే, అక్కడ ఇంకా విండోస్ 7 నడుస్తోంది. మామూలు వాడుకదారులకు దాని భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. జనం ఆధార్, బ్యాంకు వివరాలున్న మెషీన్ అది. గడియ లేని ఇంట్లో బీరువా పెట్టినట్టుంది, చూసి భయమేసింది.

విండోస్ 11 ఎక్కిద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, పాత వాటిలో అది ఉండదు. అలాగని పారేయనక్కర్లేదండీ. 2 జీబీ ర్యామ్ ఉన్నా, విండోస్ బదులు వాడుకునే లినక్స్ మింట్ నడుస్తుంది, లైసెన్సు ఖర్చు లేదు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా ఉంది.

అసలు చిక్కు తెలుగు ఫైళ్లతో. మన ఆఫీసుల్లో చాలా ఉత్తరాలు అను ఫాంట్లలో కొట్టినవే. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే అక్షరాలు కాదు, పిచ్చిగీతలు కనిపిస్తాయి. సిబ్బంది టెన్షన్ అక్కడే, అది న్యాయమే. అందుకే ముందు వాటిని, ఏ కంప్యూటర్లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్‌లోకి మార్చాలి. ఓపిక కావాల్సిన పని, కానీ ఎప్పటికైనా తప్పదు. విండోస్‌లో మాత్రమే పనిచేసే వేలిముద్ర పరికరాలుంటే ఆ మెషీన్లను ఇప్పుడే కదపొద్దు.

ఏదైనా ఆఫీసులో ఒక్క కంప్యూటర్ ఇప్పించండి. ఆదివారం వచ్చి, ఫైళ్లన్నీ కాపీ తీసి, లినక్స్ ఎక్కించి సోమవారం అప్పగిస్తాను. డబ్బులేమీ వద్దు.

ఇట్లు,
బ్రాడీపేట కంప్యూటర్ మెకానిక్