మెడ టప్పుమంటే నయమైనట్టు కాదు

సంపాదకులకు,

తలను రెండు చేతులతో పట్టుకుని ఒక్క కుదుపు ఇవ్వడం, మెడ టప్పుమనడం, పడుకున్న మనిషి హాయిగా నిట్టూర్చడం... ఇలాంటి కైరోప్రాక్టిక్ (వెన్ను, మెడలను చేత్తో కుదిపి సవరించే చికిత్స) వీడియోలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. చూసినవాళ్లు ఆ చప్పుడే వైద్యం అనుకుంటున్నారు. కొందరు స్నేహితుల చేత మెడ విరిపించుకుంటున్నారు. అది చాలా ప్రమాదం కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాం.

మెటికలు విరిచినప్పుడు వచ్చే చప్పుడు, వెన్నులో వచ్చే చప్పుడు ఒకటే. కీలు లోపల జిగట ద్రవం ఉంటుంది. ఎముకల్ని చటుక్కున ఎడం చేస్తే అక్కడ ఒత్తిడి పడిపోయి, ద్రవంలో కరిగి ఉన్న వాయువు బుడగ కడుతుంది. ఆ వాయువు తిరిగి ద్రవంలో కరగాలి కాబట్టే ఒకసారి విరిచిన కీలు మళ్లీ పలకాలంటే దాదాపు 20 నిమిషాలు పడుతుంది. పక్కకు జరిగిన పూస ఏదో తిరిగి చోటులో కూర్చుందన్నది అపోహ. 1895లో అమెరికాలో ఈ పద్ధతిని మొదలుపెట్టిన డి.డి. పామర్, పూసలు చోటు తప్పడమే చాలా జబ్బులకు మూలమన్నాడు. ఆ సిద్ధాంతం రుజువు కాలేదు. అలాగని ఈ చికిత్స వృథా అనలేం. కుదుపు తర్వాత కండరాల బిగువు సడలుతుంది, నొప్పి కొంతసేపు తగ్గుతుంది. ఆ కాస్త వెసులుబాటులో వ్యాయామం మొదలుపెడితేనే ఫలితం నిలుస్తుంది. దీర్ఘకాలిక నడుం నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామంతో పాటు వెన్నును చేత్తో సవరించే చికిత్సకూ చోటుంది. నడుం బెల్టులు, ట్రాక్షన్ (వెన్నును సాగదీసి లాగి ఉంచే పద్ధతి) మాత్రం మామూలుగా వాడవద్దని అవే చెబుతున్నాయి. నాలుగైదు సిట్టింగుల్లో ఏ మార్పూ లేకపోతే ఇంకో ఇరవైకి ముందే డబ్బు కట్టడం అనవసరమని మా అభిప్రాయం.

మెడ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. మెదడు వెనుక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడపూసల్లోని రంధ్రాల గుండానే పైకి వెళ్తాయి. తలను చివరిదాకా తిప్పి కుదిపితే ఆ ధమని లోపలి పొర చిరిగి, రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఇది అరుదే. అయితే అప్పటికే కొద్దిగా చిరిగిన ధమని కూడా మొదట ఉత్త మెడనొప్పిలాగే కనిపిస్తుంది. ఆ నొప్పికి మెడ విరిపించుకుంటే పరిస్థితి విషమిస్తుంది. ఎన్నడూ ఎరగనంత మెడనొప్పి లేదా తలనొప్పి హఠాత్తుగా వచ్చినా, కళ్లు తిరిగినా, ఒకటి రెండుగా కనబడినా, మాట ముద్దగా వచ్చినా, నడక తూలినా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

మెడ మీద చెయ్యి వేసే ముందు చికిత్సకుడు అడగాల్సినవి ఉన్నాయి. ఈమధ్య కింద పడ్డారా? ఎముకలు గుల్లబారాయా? రుమటాయిడ్ కీళ్లవాతం ఉందా? రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా? గతంలో క్యాన్సర్ వచ్చిందా? చేతుల్లోంచి వస్తువులు జారిపోతున్నాయా? ఇవేవీ అడగకుండా, చేతుల బలం పరీక్షించకుండా తల పట్టుకుంటే లేచి వచ్చేయండి. కుదుపు వద్దు, నెమ్మదిగా కదిలించే పద్ధతే చాలు అని చెప్పే హక్కు మీకుంది. ఇక నడుం నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, రెండు కాళ్లూ బలం తప్పినా అదే రోజు ఆస్పత్రికి చేరాలి. అలాంటప్పుడు మసాజుకూ కుదుపుకూ తావు లేదు.

భంగిమ గురించి ఇచ్చే సలహా సాధారణంగా 'నిటారుగా కూర్చో' దగ్గరే ఆగిపోతుంది. నిటారుగానే అయినా గంటల తరబడి కదలకుండా కూర్చుంటే నడుం పట్టేస్తుంది. పెద్దవాళ్లలో డిస్కులకు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలకు) సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు. చుట్టూ ఉన్న కణజాలం నుంచి ఊరి వచ్చేదే వాటికి పోషణ, దానికి కదలిక తోడ్పడుతుంది. అందుకే అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు నడవాలి. తల బరువు సుమారు 5 కిలోలు. అది ముందుకు వాలేకొద్దీ మెడ వెనుక కండరాల మీద భారం పెరుగుతుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చే చిక్కు ఇక్కడే: తెరను కంటి ఎత్తుకు లేపితే చేతులు గాల్లో ఉంటాయి, చేతులకు అనువుగా దించితే మెడ వంగుతుంది. విడి కీబోర్డు, మౌస్ పెట్టుకోవడం తప్ప దీనికి దారి లేదు. తెర చెయ్యి చాచినంత దూరంలో, దాని పై అంచు కంటి ఎత్తులో ఉండాలి. బైఫోకల్ కళ్లద్దాలవాళ్లు మాత్రం ఇంకాస్త దించుకోవాలి, లేకపోతే కింది అద్దంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తి మెడ నొప్పి తెచ్చుకుంటారు. పాదాలు నేలకు ఆనకపోతే కింద పీట వేసుకోండి. నడుం వంపు దగ్గర చుట్టిన తువ్వాలు చాలు.

మెడకు ఒక తేలిక వ్యాయామం: చూపు ఎదురుగా నిలిపి, గడ్డాన్ని సొరుగు మూసినట్టు వెనక్కి జరపాలి. 5 సెకన్లు ఆపి వదలాలి. పదిసార్లు, రోజుకు రెండు మూడు విడతలు. చాలామంది గడ్డాన్ని ఛాతీకి ఆనించేస్తారు, లేదా తల పైకెత్తేస్తారు. అప్పుడు ప్రయోజనం ఉండదు. గడ్డం కింద మడత పడుతుంటే సరిగ్గా చేస్తున్నట్టు. చేతిలో తిమ్మిరి వేళ్లవైపు దిగుతుంటే ఆపేసి డాక్టరుకు చూపించండి.

పక్కకు తిరిగి పడుకునేవారికి భుజానికీ మెడకూ మధ్య సందు నింపేంత దిండు కావాలి. రాత్రంతా నీరు పీల్చుకుని డిస్కులు ఉబ్బి ఉంటాయి కాబట్టి లేవగానే వంగి బరువులెత్తే పని గంటసేపు వాయిదా వేయండి.

మెడ విరిచే ఫొటోలు, కథనాలు మీ ఆరోగ్య పేజీలో వేసినప్పుడు పైన చెప్పిన ప్రమాద సూచనలను కూడా పక్కనే పెట్టెకట్టి ప్రచురించమని కోరుతున్నాం.

– కొందరు ఫిజియోథెరపిస్టులు