లోడు ఎవరిదో కూడా రాయండి

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ సిటీ పేజీలో మా వైపు రోడ్డు మీద ట్యాంకర్ నుంచి యాసిడ్ కారిన వార్త చదివిన రోజే రాయాలనుకున్నాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. డ్రైవర్‌ను అదుపులోకి తీసుకున్నారు, నిర్లక్ష్యమే కారణమని పోలీసులు చెప్పారు, గంటల తరబడి ట్రాఫిక్ ఆగింది. వార్త అంతే. అది ఏ యాసిడ్? ఏ కంపెనీ పంపింది? ఎవరు తెప్పించుకుంటున్నారు? ట్యాంకర్ యజమాని ఎవరు? వాల్వు బిగించి ఉందో లేదో చూసి బండిని గేటు దాటించింది ఎవరు? ఒక్కదానికీ జవాబు లేదు. పైగా పిల్లలతో సహా స్థానికులు బకెట్లతో నీళ్లు పోసి సాయపడ్డారని మెచ్చుకుంటూ రాశారు. అది గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ అయితే, బకెట్టు నీళ్లు పడగానే సలసల మరిగి పోసినవాడి ముఖం మీదికే చిమ్ముతుంది. ఆ పిల్లల కళ్లు పోకపోవడం వాళ్ల అదృష్టం. పత్రికలో దాన్ని మంచి పనిగా రాస్తే రేపు ఇంకో కాలనీ పిల్లలు కూడా అదే చేస్తారు.

నేను జీడిమెట్లలో ఒక మందుల ముడిసరుకు కంపెనీలో డిస్పాచ్ సెక్షన్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. లారీ లోపలికి రాగానే ముందు సైలెన్సర్‌కు నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే స్పార్క్ అరెస్టర్ ఉందా అని చూసేవాళ్లం. డ్రైవర్ లైసెన్సు మీద ప్రమాదకర సరుకులు నడపొచ్చన్న ఎండార్స్‌మెంట్ చూసేవాళ్లం. చక్రాల కింద చెక్కలు పెట్టి, ఎర్తింగ్ క్లిప్ తగిలించాకే లోడింగ్ మొదలయ్యేది. ఏది తక్కువైనా బండి వెనక్కి వెళ్లాల్సిందే, మేనేజర్ ఎంత అరిచినా సరే. అందుకే ప్రతి ప్రమాదానికీ 'డ్రైవర్ నిర్లక్ష్యం' అని హెడ్డింగ్ పెడితే నాకు మండుతుంది.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో వచ్చాయి. అందులో 129 నుంచి 137 వరకు ప్రమాదకర సరుకుల కోసమే రాశారు. 131వ నిబంధన సరుకు పంపేవాడి బాధ్యత చెబుతుంది. బండికి ఆ సరుకు మోసే సరైన రిజిస్ట్రేషన్ ఉందో లేదో, ప్రథమ చికిత్స సామాను, రక్షణ పరికరాలు ఉన్నాయో లేదో అతనే చూడాలి. ఏం పంపుతున్నాడో, దానితో వచ్చే ప్రమాదం ఏమిటో యజమానికీ డ్రైవర్‌కీ పూర్తిగా చెప్పాలి. 132 బండి యజమాని బాధ్యత. ఆ తర్వాత 133లో గానీ డ్రైవర్ వంతు రాదు. చట్టం పంపేవాడితో మొదలుపెడితే మన పోలీసులు డ్రైవర్‌తో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తున్నారు. ఎఫ్‌ఐఆర్‌లో కంపెనీ పేరు ఎక్కడా కనపడదు.

134వ నిబంధన ప్రకారం బండికి రెండు పక్కలా, వెనకా సమాచార బోర్డు ఉండాలి. దాని మీద సరుకు అసలు పేరు, ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నంబరు, ప్రమాదం గుర్తు, ఎమర్జెన్సీలో ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు, సరుకు పంపినవాడి నంబరు ఉండాలి. యూఎన్ నంబరు కనీసం 100 మిల్లీమీటర్ల ఎత్తు అంకెల్లో రాయాలి. దూరం నుంచే చదవగలగాలని అలా పెట్టారు. పెట్రోల్‌కు 1203, సల్ఫ్యూరిక్ యాసిడ్‌కు 1830, హైడ్రోక్లోరిక్‌కు 1789, నీటి శుద్ధికి వాడే క్లోరిన్‌కు 1017. పెట్రోల్ ట్యాంకర్ మీద ఉండే 3వైఈ అన్న కోడ్‌లో 3 అంటే నురుగుతో ఆర్పాలని. చివరి ఈ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయాలని. ఫైరింజన్ వాళ్లు వచ్చి ఆ ఒక్క బోర్డు చూస్తే నీళ్లు కొట్టాలా, నురుగు కొట్టాలా, ఇసుక పోయాలా అన్నది అర నిమిషంలో తేలిపోతుంది. క్లోరిన్ గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేలబారుగా పల్లానికి పాకుతుంది. గాలివాటుకు అడ్డంగా, ఎత్తు వైపు వెళ్లమని జనానికి చెప్పాలన్నా ముందు అది క్లోరిన్ అని తెలియాలి కదా.

మరి ఆ బోర్డులు ఎలా ఉన్నాయో బాలానగర్ నుంచి గండిమైసమ్మ దాకా రోడ్డు పక్కన నిలబడి ఎవరైనా చూడొచ్చు. రంగు వెలిసి అంకెలు కనపడవు. వెనక బోర్డు మీద బురద పేరుకుని ఉంటుంది, లేదంటే నిచ్చెన, స్టెప్నీ అడ్డం వస్తాయి. పాత లోడు బోర్డుతోనే కొత్త లోడు తిరుగుతుంటుంది. తప్పు బోర్డు అసలు బోర్డు లేకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే ఫైర్ సిబ్బంది దాన్ని నమ్మి పని మొదలుపెడతారు.

ట్యాంకర్లు కనీసం కంటికి కనపడతాయి. అసలు భయం డీసీఎంలు, ట్రాలీ ఆటోలు. సాల్వెంట్ (తేలిగ్గా అంటుకునే ద్రావకం) డ్రమ్ములు నాలుగు కింద పెట్టి, పైన ప్లాస్టిక్ సామాను, అట్టపెట్టెలు వేసి టార్పాలిన్ కప్పేస్తారు. బిల్లులో 'కెమికల్స్' అని ఒక్క మాట రాస్తారు. పర్మిట్, శిక్షణ ఉన్న బండికి కిరాయి ఎక్కువ, మామూలు పార్సిల్ బండిలో అయితే తక్కువ. తేడా అంతా ఆ కిరాయిలోనే ఉంది. డ్రమ్ములు ఎక్కించే హమాలీకి గ్లౌజులు కూడా ఇవ్వరు. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో నిల్వ పెట్టిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది చనిపోయారు. ఇళ్ల మధ్య గోడౌన్‌కు ఎవరు అనుమతిచ్చారని అప్పుడు అందరూ అడిగారు. ఆ డ్రమ్ములు ఆ గల్లీలోకి ఏ బండ్లలో వచ్చాయి, దారిలో ఒక్కసారైనా ఎవరైనా ఆపి చూశారా అని ఎవరూ అడగలేదు.

ఇక డ్రైవర్ల సంగతి. నిబంధనల ప్రకారం వాళ్లకు మూడు రోజుల శిక్షణ ఉంది. సరుకు ప్రమాదం గురించి, ఎమర్జెన్సీలో ఏం చేయాలో రాతపూర్వకంగా ఇచ్చిన ట్రెమ్ కార్డు క్యాబిన్‌లో పెట్టుకోవాలి. ఆ కార్డు చాలాసార్లు ఇంగ్లిష్‌లో ఉంటుంది, డ్రైవర్‌కు వచ్చింది తెలుగో హిందీయో. చేతిలో కార్డు ఉంచుకుని కూడా అతను ఏం చేయగలడు? పగలు నగరంలోకి భారీ వాహనాలకు ఆంక్షలున్నాయి, బాగానే ఉంది. మరి రాత్రయ్యేదాకా ఈ ట్యాంకర్లు ఎక్కడ ఆగాలి? వీటికంటూ సరిపడా యార్డులు చూపించారా? ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) సర్వీసు రోడ్ల మీద ఎండలో వరసగా నిలబడుతున్నాయి. పక్కనే టీ బండి, మిర్చి బజ్జీల కడాయి, గ్యాస్ స్టవ్వు. క్లీనర్ లారీ నీడలోనే స్టవ్ వెలిగించి అన్నం వండుకుంటాడు. అతన్ని తిట్టి లాభం లేదు, తిండి ఎక్కడ తినాలో మనం చూపించలేదు. ఖాళీ ట్యాంకర్ అని నిర్భయంగా దగ్గరికి వెళ్లేవాళ్లకు తెలియాల్సింది, ఖాళీ ట్యాంకులో మిగిలిన పెట్రోల్ ఆవిరి నిండు ట్యాంకు కంటే తేలిగ్గా పేలుతుందని.

2024 జనవరి మొదట్లో హిట్ అండ్ రన్ శిక్షలకు నిరసనగా ట్యాంకర్ డ్రైవర్లు బండ్లు ఆపితే మన నగరం ఎలా అల్లాడిందో అందరికీ గుర్తుంది. బంకుల ముందు రోడ్డు పొడవునా లైన్లు కట్టాం. అంత అవసరమైన మనిషికి ఒక నీడ, ఒక బాత్రూము ఇవ్వలేకపోయాం. అదే ఏడాది డిసెంబర్ 20న జైపూర్ దగ్గర అజ్మీర్ హైవే మీద యూటర్న్ తీసుకుంటున్న ఎల్పీజీ ట్యాంకర్‌ను లారీ గుద్దింది. గ్యాస్ లీకై మంట అంటుకుని రోడ్డు మీదున్న బస్సు, కార్లు, లారీలు కాలిపోయాయి. ఇరవై మంది దాకా చనిపోయారు. మన చర్లపల్లి, ఘట్‌కేసర్ డిపోల నుంచి రోజూ బయల్దేరే ట్యాంకర్లకు అలాంటి యూటర్న్‌లు దారిలో ఎన్ని ఉన్నాయో ఎవరైనా లెక్క తీశారా? తీసి ఉంటే బయటపెట్టమనండి.

అధికారులను అడిగితే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. బండి ఆర్టీఏది, రోడ్డు ట్రాఫిక్ పోలీసులది, ఫ్యాక్టరీ గేటు ఫ్యాక్టరీల శాఖది, పెట్రోలు, గ్యాస్ అయితే పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ పెసోది, కారినది నాలాలో కలిస్తే పొల్యూషన్ బోర్డుది. వ్యర్థాల సంగతి ఇంకా ఘోరం. 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం తీసుకెళ్లే బండికి ఏడు ప్రతుల మానిఫెస్ట్ ఉంటుంది. ఎక్కడ బయల్దేరిందో, ఎక్కడ దింపారో కాగితం మీద దొరికిపోవాలి. దుండిగల్‌లో ఆ వ్యర్థాల కోసం పెట్టిన కేంద్రమూ ఉంది. అయినా వాన పడిన రాత్రి మా వైపు నాలాల్లో కెమికల్ వాసన గుప్పుమంటుంది, తెల్లారేసరికి నురగ కనిపిస్తుంది. వాన కోసం కాచుకుని కూర్చునే ట్యాంకర్లను పట్టుకోలేనివాళ్లు హెల్మెట్ లేని పిల్లవాడిని ఫొటో తీసి ఇంటికి చలాన్ పంపగలరు. కెమెరాలు ఉన్నాయి, మనుషులున్నారు, చట్టం ఉంది. చూడాలన్న పట్టుదల లేదు.

పూర్వం మా దారిలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అప్పుడప్పుడు వచ్చి ట్యాంకర్ ఆపి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తీయించి, గేజి చూసేవాడు. ఇప్పుడు ఫిట్‌నెస్ రోజున అద్దెకు తెచ్చి చూపించి తిరిగి ఇచ్చేస్తారని డ్రైవర్లే చెబుతున్నారు.

కొత్త చట్టం అక్కర్లేదు. యాసిడ్ కారినా, డ్రమ్ము పగిలినా సరుకు పంపినవాడి పేరు ఎఫ్‌ఐఆర్‌లో ముందు రాయాలి. ట్రెమ్ కార్డు తెలుగులో, హిందీలో లేకుండా బండిని గేటు దాటనివ్వకూడదు. ఓఆర్‌ఆర్ పక్కన వీటికి విడిగా యార్డులు, అక్కడే వంటగది, ఫైర్ పాయింట్ పెట్టాలి. ఈలోగా రూపాయి ఖర్చు లేని పని ఒకటుంది. ట్యాంకర్ల వెనక ఎమర్జెన్సీ ఫోన్ నంబర్లుంటాయి కదా. నేను ఆపి చూసిన ఒకదాని మీద తొమ్మిది అంకెలే ఉన్నాయి, ఇంకోదాని నంబరు మనుగడలో లేదని వచ్చింది. రవాణా శాఖ అధికారులు ఒక రాత్రి రెండు గంటలకు రోడ్డు మీద నిలబడి, వచ్చిన ప్రతి ట్యాంకర్ నంబరుకూ ఫోన్ చేయాలి. ఎవరూ ఎత్తని నంబరున్న బండిని అక్కడే ఆపేయాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డిస్పాచ్ ఉద్యోగి,
చింతల్, హైదరాబాద్